నా తరఫున మాట్లాడే మనిషి

మా ఖోట్లాలో ఆడది నోరు విప్పకూడదు. మొద్దులు పాతి అర్ధచంద్రంలా కట్టిన ఆ దడి లోపల మగవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని కూర్చుంటారు, తగవులు వింటారు, తీర్పులు చెబుతారు. ఆడదానికి తగవుంటే ఆమె తండ్రో, మొగుడో, కొడుకో లేచి చెప్పాలి. మా నాన్న ఎప్పుడో పోయాడు. నా మొగుడు సెలెకా పోయి నాలుగేళ్ళు. కొడుకులు లేరు, ఉన్న ఒక్క కూతురు గొసెగొని పక్క ఊరికిచ్చాం. కాబట్టి నా తరఫున మాట్లాడాల్సిన మనిషి నా మరిది లెకోకో. మా పేటకి పెద్ద కూడా అతనే. నా తగవు కూడా అతనితోనే.

నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం నాలుగేళ్ళుగా నవ్వు రాలేదు.

తగవు బావి గురించి. సెలెకా జొహానెస్‌బర్గ్ గనుల్లో పని మానేసి వచ్చాక మా పొలం పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. పైన ఇసుక, కింద సున్నపు రాయి. రాయి మీద మంట పెట్టి, కాలినదాన్ని ఇనప గడ్డపారతో పగలగొట్టేవాడు. ముక్కల్ని తోలు తాడుతో పైకి లాగింది నేను. నా అరచేతుల్లో ఆ తాడు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్ళు పడ్డ రోజు ఇద్దరం బురదలో చతికిలబడి చిన్నపిల్లల్లా ఏడ్చాం. ఆ తరవాత రెండు వానాకాలాలు కూడా గడవలేదు, గనుల దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి ఆ మనిషి పోయాడు. దినం అయిన మర్నాడే లెకోకో వచ్చి బావికి తన గిలక, తన చేంతాడు బిగించాడు. అన్న బావి తమ్ముడికి కాక ఎవరికి అన్నాడు. అతని పశువులన్నీ తాగాక, అడుగున మిగిలిన బురదనీళ్ళు నాకు, నా మేకలకి.

నేను ఖోట్లాకి ఫిర్యాదు పంపాను. దడి బయట ఆడవాళ్ళతో నేల మీద కూర్చున్నాను. లోపల లెకోకో కుర్చీలోంచి లేచి, కోటు సర్దుకుని, గొంతు సవరించుకుని అన్నాడు:

"నా వదిన తరఫున మాట్లాడుతున్నా. ఆమెకి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. సుఖంగా ఉంది."

మగవాళ్ళందరూ తలలూపారు. నేను భుజాల మీద దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కొరికాను. ఆ దుప్పటికి ఆ చిరుగు ఇంకా ఉంది.

అలాంటి రోజుల్లో వచ్చాయి ఈ ఓట్లు. ఇంగ్లీషు దొరలు మా బెచువానాలాండ్ దేశాన్ని మాకు వదిలి వెళ్ళిపోతారట, వెళ్ళేముందు మమ్మల్ని ఎవరు ఏలాలో మేమే చెప్పాలట. మగాడు, ఆడది, ముసలి, పడుచు, అందరూ చెప్పాలట. బడి మాస్టారు ఒతెంగ్ బడి ముందు బల్ల వేసి అందరికీ చూపించాడు. చదువు రాని వాళ్ళం కదా, కాగితాల బదులు రంగు బిళ్ళలు ఇస్తారు. నలుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, ఒక్కో పార్టీకి ఒక్కో రంగు. నాలుగు బిళ్ళలు, ఒక కవరు పట్టుకుని తెర చాటుకి వెళ్ళాలి. నచ్చిన రంగు కవర్లో పెట్టి అంటించాలి. మిగిలిన మూడూ అక్కడే ఉన్న డబ్బాలో పడేసి, బయటికొచ్చి కవరు పెట్టెలో వెయ్యాలి.

"తెర చాటెందుకు?" అని అడిగాడు కెలెపిలె తాత. మా పేటలో అందరికన్నా ముసలివాడు, పళ్ళు లేవు గానీ మాట పదును. "మంచి పనే అయితే నలుగురి ముందూ చేస్తాం కదా. చాటుగా చేసేది దొంగతనం, లేకపోతే దొడ్డికెళ్ళడం."

జనం పడీపడీ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, "నువ్వు ఎవరికేశావో ఇంకొకళ్ళకి తెలియకూడదు తాతా, అదే దాని అందం," అన్నాడు.

నేను మాత్రం ఆ మాటనే పట్టుకున్నాను. నేను చెప్పే మాట, నా తరఫున ఇంకొకడు చెప్పకుండా, ఇంకొకడు వినకుండా! పసుపు బిళ్ళ పార్టీ మనిషి ఒకసారి లారీ మీద మా ఊరొచ్చాడు. మాట్లాడినదంతా నాకు అర్థం కాలేదు, ఇంగ్లీషు మాటలు ఎక్కువ దొర్లించాడు. కానీ ఒక్క మాట చెవిలో పడిపోయింది. "ఆడదాని తగవు ఆడదే నిలబడి చెప్పుకోవాలి, ఖోట్లాలో అయినా సరే" అన్నాడు. మగవాళ్ళు ఈలలు వేసి గోల చేశారు. నేను ఆ రోజే నిశ్చయించుకున్నాను. నా ఓటు పసుపుకి.

మా పేట మగవాళ్ళు కూడా నిశ్చయించుకున్నారు, వాళ్ళ పద్ధతిలో. ఖోట్లాలో ఏ సంగతైనా అందరూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా మాట్లాడతారు, వచ్చాక ఇంకెవరూ కాదనకూడదు. ఓట్ల సంగతీ అలాగే తేల్చేశారు. లెకోకో లేచి అన్నాడు:

"వాన పడి ఎన్నేళ్ళయింది? పశువులు ఎముకల గూళ్ళయిపోయినై. వాన మబ్బు ఏ రంగు? నలుపు! ఇంకా చర్చెందుకు?"

చర్చ అక్కర్లేదని అందరూ ఒప్పుకున్నారు. నలుపు పార్టీ వాళ్ళు అతని ఇంట్లో రెండుసార్లు మాంసం తిని వెళ్ళిన సంగతి ఎవరూ ఎత్తలేదు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"పేట మాట ఒక్కటే అన్నాక అది తేలాలి కదా," అన్నాడు. "మిగిలిన మూడు బిళ్ళలూ డబ్బాలో పడెయ్యకండి. ఇంటికి తెండి. ఆ సాయంత్రం ఇంటి మగవాడు ఇంటందరి బిళ్ళలూ ఖోట్లాలో నా ముందు పెట్టాలి. వాటిలో నల్లది కనపడిందా, ఆ ఇంటి చేద నా బావిలో దిగదు."

నా బావిలో, అన్నాడు! అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ చెయ్యగలిగిందేముంది? ఆ ఎండల్లో మా పేటకి ఉన్న నీళ్ళన్నీ ఆ బావివే. ఇంకో చోట నీళ్ళంటే మిషన్ ఆసుపత్రి దగ్గర గొట్టపు బావి. మేకల్ని తోలుకుని పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాం.

మర్నాడు బావి దగ్గర మ్మా-పులె చేద లాగుతూ నావైపు ఓరగా చూసింది. పక్కింటిది, నా నేస్తం.

"ఏంటే, ఆ మొహం? కోడిని పోగొట్టుకున్నదానిలా."

"ఓటు పోగొట్టుకున్నాను."

"ఇంకా వెయ్యలేదుగా పోవడానికి! నల్లదేసి రావే. ఏం పోయింది? నీళ్ళు దొరుకుతాయి."

"నువ్వేస్తావా?"

"నా మొగుడు చెప్పిన రంగు వేస్తా. ముప్ఫై ఏళ్ళుగా వాడు వండమన్నది వండుతున్నా. ఇదొక లెక్కా?" అని, గొంతు తగ్గించింది. "పసుపువాడు చెప్పింది నేనూ విన్నానే. మాటలు బాగానే చెప్పాడు. కానీ వాడు లారీ ఎక్కి పోయాడు. నీళ్ళు తోడుకోవాల్సింది మనం."

ఆ మాట నాకు నచ్చలేదు, నిజమే అయినందుకు ఇంకా నచ్చలేదు. చేద విసురుగా బావిలోకి వదిలాను.

ఆ పూట జొన్న అంబలి కలుపుతూ ఉంటే ఒక ఉపాయం తట్టింది. గరిటె చేతిలో పట్టుకునే గంతేశాను. తెర చాటున డబ్బా ఉంటుంది కదా! ఊళ్ళో నాలుగు పేటల వాళ్ళూ అక్కడే వేస్తారు, మిగిలిన బిళ్ళలు దాన్లోనే పడేస్తారు. నేను పసుపు కవర్లో పెట్టి, డబ్బాలోంచి ఇంకో పసుపు ఏరుకుని, నా నల్లది దాన్లో వదిలేస్తే సరి. చేతిలో నీలం, ఆకుపచ్చ, పసుపు. లెకోకో ముందు పెడితే వదిన ఎంత బుద్ధిమంతురాలు అనుకుంటాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇంత తెలివి పెట్టుకుని ఇన్నేళ్ళూ నేల మీద కూర్చున్నానే అని నా మీద నాకే జాలేసింది.

ఓట్ల రోజు బడి ముందు బారులు తీరాం. ఎండ మాడ్చేస్తోంది. మగవాళ్ళకి ఒక వరస, ఆడవాళ్ళకి ఒకటి అని ఎవరూ చెప్పకుండానే మేమే విడిపోయాం. గేటు దగ్గర ముళ్ళ తుమ్మ నీడలో లెకోకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బయటికొచ్చే మా పేట వాళ్ళందరికీ పెద్దమనిషిలా తలూపుతున్నాడు.

లోపల బల్ల దగ్గర ఒక తెల్లదొర, పక్కన మాస్టారు ఒతెంగ్.

"పేరు?"

"మ్మా-గొసెగొ."

"అది గొసెగొ అమ్మ అని. నీ పేరేంటి మ్మా?"

నా పేరు! పెళ్ళయ్యాక సెలెకా భార్యని, పిల్ల పుట్టాక గొసెగొ అమ్మని, ఇప్పుడు లెకోకో వదినని. నాలుక తడబడింది. "గాలెబొయె," అన్నాను చివరికి. ఎవరో వేరే మనిషిని పిలిచినట్టు అనిపించింది.

మాస్టారు నాలుగు బిళ్ళలు, కవరు చేతిలో పెట్టాడు. గోనెపట్టా తెర ఎత్తి లోపలికి వెళ్ళాను. బల్ల ఉంది. బల్ల కింద కిరసనాయిలు డబ్బా ఉంది. వంగి చెయ్యి పెట్టాను. అడుగు తగిలింది.

ఖాళీ.

బోర్లించాను. ఇసుక రాలింది. తట్టాను. ఇంకొంచెం ఇసుక రాలింది. అప్పుడర్థమైంది. లెకోకో మాట ఊరంతా పాకి ఉంటుంది, మిగతా మూడు పేటల పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? ప్రతి ఒక్కడూ మిగిలిన బిళ్ళలు ఇంటికి పట్టుకుపోతున్నాడు. ఆ భయం లేనివాడు కూడా మెరిసే బిళ్ళని ఎందుకు పారేస్తాడు, పిల్లల మెళ్ళో కట్టుకోవచ్చు కదా! ఇంత ఊరిలో ఒక్కడంటే ఒక్కడు దొరలు చెప్పిన మాట విని ఆ డబ్బాలో ఒక్క బిళ్ళ పడెయ్యలేదు. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది.

"మ్మా, అయిందా?" బయటి నుంచి మాస్టారు.

"కాలేదు!"

"వెనక జనం ఉన్నారు మ్మా."

"ఉండనీ! నలభై ఎనిమిదేళ్ళు ఆగాను నేను, వాళ్ళు కాస్సేపు ఆగలేరూ?"

తెర బయట నవ్వులు. నాకు మాత్రం ఏడుపొస్తోంది. నల్లది ఒక చేతిలో, పసుపు ఒక చేతిలో. నల్లది వేస్తే నీళ్ళున్నాయి, మేకలున్నాయి. పసుపు వేస్తే మిగిలిన మూడింట్లో నల్లది ఉంటుంది. ఒకటి పోయిందని చెప్తే లెకోకో నమ్మడు, ఏది పోయిందో గుడ్డివాడైనా చెప్పగలడు. బిళ్ళలు పారేసి ఉత్తచేతులతో వెళ్ళినా అదే అర్థం. నాకని ఇచ్చిన ఒక్క మాటకి కూడా మరిది చేతిలో తాడు కట్టే ఉంది. ఇంతోటి దానికి తెరెందుకు, కవరెందుకు, దొర ఎందుకు?

ఉన్నట్టుండి ఆలోచన ఇంకోవైపు తిరిగింది. ఇంటి బిళ్ళలు ఖోట్లాలో పెట్టాల్సింది ఇంటి మగవాడు. నేను లోపలికి పోకూడదు. మరి నా తరఫున పెట్టాల్సింది ఎవరు?

పసుపు బిళ్ళ కవర్లో పెట్టి, జిగురు నాలికతో తడిపి అంటించాను. చేదుగా ఉంది. బయటికొచ్చి పెట్టెలో వేశాను. మిగిలిన మూడూ దుప్పటి కొంగున గట్టిగా ముడేసుకున్నాను.

సాయంత్రం పొద్దు వాలుతుండగా ఖోట్లాలో కుర్చీలు నిండాయి. ఆడవాళ్ళం దడి బయట. లోపలికెళ్ళే దారి దగ్గర లెకోకోకి ఎదురెళ్ళాను. నా దుప్పటి ముడి విప్పి, బిళ్ళలు ఒక గుడ్డపేలికలో మూటకట్టి అతని చేతిలో పెట్టాను.

"నాకింకెవరున్నారు ర్రా," అన్నాను, మా వైపు మగవాళ్ళని మర్యాదగా పిలిచే మాటతో. "నా తరఫున నువ్వే మాట్లాడాలి."

"నాకు తెలీదా వదినా," అన్నాడు, మురిసిపోతూ. మూట విప్పి చూడను కూడా లేదు.

ఒక్కొక్క మగవాడూ లేచాడు. మ్మా-పులె మొగుడు తన బిళ్ళలు, తన భార్యవి చాప మీద పెట్టి, "మా ఇల్లు పేటతోనే," అన్నాడు. ఇంకొకడు. ఇంకొకడు. నీలం, ఆకుపచ్చ, పసుపు కుప్పలు పెరుగుతున్నాయి. కెలెపిలె తాత తనవి పెడుతూ, "నాలుగు రంగులు ఇచ్చి ఒకటే వెయ్యమన్నారు, ఈ మూడు మనవరాలి మెడకి పనికొస్తాయనుకున్నా," అని గొణిగాడు. చివర్న లెకోకో తన ఇంటివి పెట్టాడు. తరవాత నా మూట పైకెత్తాడు.

"మా అన్న ఇంటి తరఫున," అంటూ ముడి విప్పాడు.

చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది. చటుక్కున గుప్పిట మూశాడు. దడి సందులోంచి నాకంతా కనిపిస్తోంది. అతని మెడ మీద నరం ఉబ్బింది. పేటంతటికీ ఆజ్ఞ ఇచ్చిన పెద్ద, తన చేతి కింది ఇంట్లోనే నల్లది మిగిలిందని నలుగురి ముందూ చూపించాలి. గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఇల్లు కూడా మనతోనే," అన్నాడు. "నా వదినకి వేరే మాటేం లేదు." గుప్పిట కోటు జేబులోకి పోయింది.

నాకు ఏమయిందో చెప్పలేను. ఊరుకుంటే అన్నీ బాగుండేవి. అతను సిగ్గుతో ఎవరికీ చెప్పడు, నీళ్ళు ఆపితే ఎందుకాపావని అడుగుతారు కాబట్టి ఆపడు. నేను తెరచాటున అంతవరకే లెక్కేశాను, దెబ్బ కొట్టానని నాలో నేను నవ్వుకోవచ్చనుకున్నాను. కానీ ఆ మాట! మళ్ళీ అదే మాట. నా జన్మలో నేను సొంతంగా చెప్పిన ఒకే ఒక్క సంగతిని కూడా జేబులో వేసుకుని, నాకు వేరే మాట లేదంటాడా!

"మిగతావాళ్ళవన్నీ చాప మీద పెట్టించావు," అంటున్నాడు కెలెపిలె తాత, "ఆ ఇంటివి జేబులోకెందుకు పోయినై?"

అప్పటికే నేను లేచి నిలబడ్డాను.

"గుప్పిట విప్పు, లెకోకో."

మర్యాదకి ర్రా అనలేదు. మరిదీ అనలేదు. కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఆ దడి మీదుగా లోపలికి ఆడగొంతు వినపడటం అక్కడ ఎవరూ ఎరగరు. పక్కనుంచి మ్మా-పులె నా గౌను లాగుతోంది. "కూర్చోవే, పిచ్చిదానా, కూర్చో!"

"విప్పు," అన్నాను. "నేను వేసింది నేను వేశాను. నీది కాదు దాచుకోవడానికి."

అతను విప్పలేదు. కెలెపిలె తాత కర్ర ఊతంతో లేచి వెళ్ళి, ఆ జేబులో చెయ్యి పెట్టి, బిళ్ళలు తీసి చాప మీద పరిచాడు. నీలం. ఆకుపచ్చ. నలుపు. ఆ చాప మీద అదొక్కటే నల్లది. తరవాత ఎవరో దగ్గారు, కుర్చీలు ఎత్తుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

మర్నాడు పొద్దున నా చేద బావి గట్టు మీద బోర్లించి ఉంది. గిలకకి చేంతాడు లేదు.

పసుపువాడు చిత్తుగా ఓడిపోయాడు. ఆ సంగతి లెకోకో మనిషిని పంపించి మరీ చెప్పించాడు. నేను రోజూ మేకల్ని మిషన్ బావికి తోలుకెళ్తున్నాను. పోతూ తిడతాను, వస్తూ తిడతాను. లెకోకోని, దొరల్ని, లారీ ఎక్కి పోయినవాణ్ణి, ఖాళీ డబ్బాని. రెండు మేకలు దారిలోనే పడిపోయాయి. మ్మా-పులె నన్ను చూసి తలుపేసుకుంటోంది. తన మొగుడు చూస్తాడని భయం. నేను చేసిన దానివల్ల వాన పడలేదు, నల్లదానివల్లా పడలేదు.

పోయిన వారం నేను మళ్ళీ ఖోట్లాకి ఫిర్యాదు పంపాను. అదే బావి, అదే తగవు. అదే చోట నేల మీద కూర్చున్నాను. లోపల లెకోకో లేచాడు, కోటు సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"నా వదిన తరఫున మాట్లాడుతున్నా. ఆమెకి చెప్పుకోవాల్సింది..."

"కూర్చో," అన్నాడు కెలెపిలె తాత.

లెకోకో అర్థం కానట్టు చూశాడు.

"కూర్చో అంటున్నా. ఆమెకి నోరుంది. ఆ రోజు అందరం విన్నాం. విననట్టు ఎట్టా ఉండమంటావు?" ముసలాయన దడి వైపు తిరిగాడు. "చెప్పు, గాలెబొయె."

మగవాళ్ళందరూ కుర్చీల్లో వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. కొందరి మొహాలు మాడిపోయాయి, కొందరు నేల చూస్తున్నారు, కానీ కాదని ఎవరూ అనలేదు. నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటలు, దారిపొడుగునా మేకలకి చెప్పుకున్న మాటలు, అన్నీ ఒక్కసారి నోటిదాకా తోసుకొచ్చాయి. కానీ పొద్దుటి నుంచీ చుక్క నీళ్ళు తాగలేదు, నాలుక అంగిటికి అతుక్కుపోయింది.

"ముందు కాసిని మంచినీళ్ళివ్వండి," అన్నాను. "మా బావివే."